కోరి తెచ్చుకున్న విరూపణ
(ఒక గిటారు వాల్వు వర్ధకం నిర్మాణం)

వర్ధకానికి మనం ఇచ్చిన సంకేతం ఏ ఆకారంలో వున్నదో, బయటికి వచ్చే సంకేతం కూడా అదే ఆకారంలో వుండాలి. పరిమాణం మాత్రమే పెరగాలి. ఆకారం మారినట్లయితే ఆ దోషాన్ని విరూపణ అంటారు. ఇది మనం డిగ్రీ తరగతుల్లో నేర్చుకునే నిర్వచనం. తర్వాత పాఠాలన్నీ ఆ దోషాన్ని ఎలా తగ్గించాలన్న దాని గురించే. సరైన బయాస్ పెట్టాలి, సంకేతాన్ని చిన్నదిగా వుంచాలి, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలి.

అలాంటప్పుడు విరూపణను పెంచే వర్ధకం చేస్తానని ప్రాజెక్టు కాగితం పట్టుకువెళితే మా మాస్టారు కళ్ళజోడు తీసి నావంక చూశారు. "ఏమయ్యా, మూడేళ్ళూ తప్పు ఎలా దిద్దుకోవాలో చెప్పాం. నువ్వేమో తప్పు ఎలా చేయాలో ప్రాజెక్టు చేస్తానంటావు. తప్పు చేయడానికి చదువు ఎందుకోయ్?" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గాని ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబే.

అసలు సంగతి ఏమిటంటే, మా హాస్టల్లో నా పక్కగది మిత్రుడు ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. కళాశాల వార్షికోత్సవంలో మైకుసెట్టు వర్ధకానికి తగిలించి వాయిస్తే అతని గిటారు పల్చగా, తీగ మీద గోరు గీసినట్లు వినిపించింది. "ఒరే, రికార్డుల్లో గిటారు గర్జిస్తుంది. నాది గొణుగుతుందేం?" అని అడిగాడు. ఆ గర్జనకు మూలం విరూపణే అని చదివాను. మా తాతగారింట్లో అటక మీద పాత వాల్వు రేడియో ఒకటి మూలపడి వుంది. అందులోని ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ మంచివే. అక్కడ మొదలయింది.

విరూపణ అంటే అనుస్వరాలే

శుద్ధమైన సైను తరంగంలో ఒకే ఒక పౌనఃపున్యం వుంటుంది. దాని ఆకారాన్ని కొంచెం మార్చినా, కొత్త తరంగం పాత పౌనఃపున్యంతో బాటు దాని రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లు అయిన పౌనఃపున్యాల మొత్తం అవుతుంది. ఇది ఫోరియర్ సిద్ధాంతం. వీటినే అనుస్వరాలంటాము. గిటారు ఐదవ తీగ 110 హెర్ట్జ్. దాని అనుస్వరాలు 220, 330, 440, 550. మన సంగీత భాషలో చెప్పాలంటే, 110 షడ్జమం అయితే రెండవది పై షడ్జమం, మూడవది ఆ పైన పంచమం, నాలుగవది మళ్ళీ షడ్జమం, ఐదవది అంతర గాంధారం. ఏడవది మాత్రం ఏ స్వరస్థానం మీదా సరిగ్గా నిలవదు. క్రింది అనుస్వరాలు నాదానికి నిండుదనం ఇస్తాయి. పై అనుస్వరాలు మితిమీరితే చెవిని గీరుతాయి.

ఇది విదేశీయుల వింత అభిరుచి అనుకోనక్కరలేదు. మన తంబురాలో గుర్రం మీద తీగకింద నూలుపోగు జరిపి నాదాన్ని గుంయ్‌మనిపిస్తారు. జీవాళి అంటారు దాన్ని. తీగ గుర్రాన్ని ఒరుసుకొని అనుస్వరాలు లేవడమే అందులోని రహస్యం. తంబురాలో నూలుపోగు చేసే పనిని, గిటారు వర్ధకంలో వాల్వు చేస్తుంది అన్నమాట.

అనుస్వరాల విషయంలో ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. తరంగం పైభాగాన్నీ క్రిందిభాగాన్నీ సమంగా కోస్తే బేసి అనుస్వరాలే పుడతాయి: 3, 5, 7 ఇలా. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కోస్తే సరి అనుస్వరాలు కూడా పుడతాయి. పూర్తిగా చదరపు తరంగం అయిపోయినప్పుడు మూడవ అనుస్వరం మూలస్వరంలో మూడవ వంతు, ఐదవది ఐదవ వంతు వుంటుంది. మొత్తం విరూపణ సుమారు 48 శాతం. ఎటువైపు ఎంత కోయాలో నిర్ణయించడమే ఈ వర్ధకం నిర్మాణంలో సగం పని.

కొంచెం చరిత్ర

ఈ నాదం ఎవరూ ప్రయోగశాలలో కనుక్కున్నది కాదు. 1951లో అమెరికాలో మెంఫిస్ నగరంలో 'రాకెట్ 88' అనే పాట రికార్డు చేయడానికి వెళుతుండగా గిటారు వర్ధకం దెబ్బతిన్నదనీ, స్పీకరులో కాగితాలు కుక్కి అలాగే వాయించారనీ చెబుతారు. 1964లో ఇంగ్లండులో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవిస్ తన చిన్న వర్ధకం స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీల్చి మరీ వాయించాడు. మొదటివారిది ప్రమాదం, రెండవవాడిది ప్రయత్నం. ఆ మధ్యలోనే, 1962లో లండన్‌లో జిమ్ మార్షల్, ఆయన సహచరులు అమెరికాలోని ఫెండర్ బాస్‌మన్ వర్ధకాన్ని అనుసరించి తమ వర్ధకం చేశారు. ఫెండర్ వారు మొదటి స్థానంలో వర్ధన గుణకం 44 వున్న 12ఏవై7 వాల్వు పెట్టగా, వీరు గుణకం 100 వున్న ఈసీసీ83 పెట్టారు. దీన్నే అమెరికాలో 12ఏఎక్స్7 అంటారు. ముందు వాల్వు గుణకం పెరిగేసరికి వర్ధకం తొందరగా విరూపణలోకి పోయింది. రాక్ సంగీతం గొంతు మారింది.

రేడియోల్లో వాల్వుల కాలం ఎప్పుడో ముగిసింది. ఒకప్పుడు బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు రేడియో వాల్వులు తయారుచేసేవారు, ఇప్పుడు లేదు. కాని ఈసీసీ83 మాత్రం చైనా, రష్యా, స్లొవేకియా దేశాల్లో ఇప్పటికీ తయారవుతోంది. కొనేవారిలో ఎక్కువమంది గిటారు వాయించేవారే.

వాల్వు ఎక్కడ కోస్తుంది?

ట్రయోడు వాల్వులో కాథోడ్ నుంచి ప్లేటుకు పోయే ఎలక్ట్రాన్లను మధ్యనున్న గ్రిడ్ అదుపు చేస్తుంది. మా వూరి కాలువ తూము లాంటిదే. తలుపు కొద్దిగా కదిలితే నీళ్ళు చాలా మారతాయి. తూముకు రెండు హద్దులున్నాయి: పూర్తిగా మూసుకోవడం, పూర్తిగా తెరుచుకోవడం. వాల్వుకూ అంతే. గ్రిడ్ బాగా రుణాత్మకమైతే ప్రవాహం ఆగిపోతుంది. దీన్ని కటాఫ్ అంటాము. గ్రిడ్ కాథోడ్ వోల్టేజిని సమీపిస్తే గ్రిడ్డే ఎలక్ట్రాన్లను లాక్కొని, ముందు దశ మీద భారం వేస్తుంది. తరంగం మొదటి హద్దు దగ్గర ఒక వైపు, రెండవ హద్దు దగ్గర రెండవ వైపు నలుగుతుంది. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఎక్కువగా వున్న ట్రాన్సిస్టరు వర్ధకం హద్దుదాకా శుద్ధంగా వుండి, హద్దు తాకగానే కత్తితో కోసినట్లు కోస్తుంది. వాల్వు హద్దుకు ముందునుంచే మెల్లగా వంగుతూ పోతుంది. అందువల్ల గట్టిగా మీటితే ఎక్కువ, మెల్లగా మీటితే తక్కువ విరూపణ వస్తుంది. వాయించేవాడి వేలు వర్ధకానికి తెలుస్తుంది.

ఇక లెక్క. ఈసీసీ83కు 250 వోల్టుల సరఫరా, ప్లేటులో 100 కిలో ఓములు, కాథోడ్‌లో 1.5 కిలో ఓములు పెడితే ప్రవాహం 0.86 మిల్లీఆంపియర్లు. కాథోడ్ సుమారు 1.3 వోల్టుల వద్ద, ప్లేటు సుమారు 164 వోల్టుల వద్ద నిలుస్తాయి. వర్ధనం సుమారు 55. గిటారు పికప్ 0.1 వోల్టు ఇచ్చిందనుకుంటే మొదటి దశ తర్వాత 5.5 వోల్టులు. ఇంకొక దశ పెడితే 300 వోల్టులు రావాలి. సరఫరాయే 250 అయినప్పుడు 300 ఎక్కడినుంచి వస్తుంది? రాదు. తరంగం నలుగుతుంది. విరూపణ కావాలంటే దశలు పెంచితే చాలు గదా అని నాకు అనిపించింది.

మొదటి ప్రయత్నం, మొదటి పరాజయం

ఈసీసీ83లో రెండు ట్రయోడులుంటాయి. రెండు వాల్వులు తెచ్చి మూడు దశలు వరసగా కలిపాను. కాథోడ్ కండెన్సర్లు 25 మైక్రోఫారడ్లు, దశల మధ్య రేడియోలో దొరికిన 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్లు, గ్రిడ్ నిరోధం 1 మెగా ఓము. అన్నీ పుస్తకం ప్రకారమే. మిత్రుడు తీగ మీటాడు. నాదం ఒక్కసారి 'భగ్గు' మని, వెంటనే గొంతు నొక్కినట్లు ఆగిపోయి, మళ్ళీ చిటపటలతో పైకి వచ్చింది. లావు తీగల మీద అయితే తడిసిన డప్పు మోతే. "దీనికన్నా మైకుసెట్టే నయంరా" అని గిటారు సంచిలో పెట్టుకున్నాడు.

రెండు వారాలు సోల్డరింగ్ జాయింట్లు అనుమానించాను. చివరకు ప్రయోగశాలలో ఆసిలోస్కోపు పెట్టి చూస్తే తరంగం ఆకారం కాదు, దాని ఆధారరేఖే కదులుతున్నది. మీటిన క్షణాన మూడవ దశ గ్రిడ్ ధనాత్మకమై ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. ఆ ప్రవాహం మధ్య కండెన్సర్‌ను నింపేస్తుంది. నిండిన కండెన్సర్ గ్రిడ్‌ను రుణాత్మకంగా నొక్కిపెట్టి, వాల్వును కటాఫ్‌లో వుంచుతుంది. అది ఖాళీ కావలసింది 1 మెగా ఓము ద్వారానే. 0.1 మైక్రోఫారడ్‌ను 1 మెగా ఓముతో గుణిస్తే 0.1 సెకను. అంతసేపు వాల్వు నోరు మూసుకుంటుంది. దీన్ని బ్లాకింగ్ విరూపణ అంటారు. గ్రిడ్ ఎప్పుడూ ధనాత్మకం కాదనుకొని రాసిన పుస్తకంలో ఈ మాట అవసరం లేదు. గ్రిడ్‌ను కావాలనే ధనాత్మకం చేసేవాడికి ఇదే మొదటి పాఠం.

రెండవ దోషం మంద్రస్వరాలది. గిటారు లావు తీగ 82 హెర్ట్జ్. మంద్రస్వరాల కంపన పరిమితి పెద్దది. అవి ముందుగా హద్దు తాకి, వాటి మీద ప్రయాణం చేస్తున్న సన్నని స్వరాలను కూడా తమతో నలిపేస్తాయి. అందుచేత మంద్రాన్ని విరూపణకు ముందే తగ్గించాలి. కావలసివస్తే తర్వాత కలుపుకోవచ్చు. ముందు నలిగినదాన్ని తర్వాత ఏ టోన్ మీటా బాగుచేయదు.

చివరకు కుదిరిన అమరిక

మొదటి దశ: ప్లేటులో 100 కిలో ఓములు, కాథోడ్‌లో 1.5 కిలో ఓములు. కాథోడ్ కండెన్సర్ 25కు బదులు 1 మైక్రోఫారడ్. ఇందువల్ల 200 హెర్ట్జ్ పైన వర్ధనం ఇంచుమించు పూర్తిగా, 100 హెర్ట్జ్ దిగువన దాదాపు సగానికి దగ్గరగా వుంటుంది. మధ్య కండెన్సర్ 0.0047 మైక్రోఫారడ్, తర్వాత 1 మెగా ఓము వాల్యూమ్. విరూపణ ఎంత కావాలో చెప్పేది ఈ మీటయే.

రెండవ దశ: ఇక్కడే అసలు కిటుకు. కాథోడ్‌లో 10 కిలో ఓములు పెట్టి కండెన్సర్ తీసేయాలి. ప్రవాహం పావు మిల్లీఆంపియర్ దగ్గరికి పడిపోతుంది. ప్లేటు 225 వోల్టుల వద్ద నిలుస్తుంది. అంటే ప్లేటు పైకి పోవడానికి 25 వోల్టులే చోటు, క్రిందికి పోవడానికి నూరుకు పైగా చోటు. తరంగం ఒక పక్క తొందరగా కోయబడుతుంది, రెండవ పక్క చాలావరకు మిగులుతుంది. సరి అనుస్వరాలు పుడతాయి. ఈ దశ వర్ధనం 8 మాత్రమే! వర్ధనం తగ్గించి విరూపణ పెంచడం నాకు మొదట నమ్మశక్యం కాలేదు. మార్షల్ వారు 1970ల ద్వితీయార్ధంలో తెచ్చిన మాస్టర్ వాల్యూమ్ వర్ధకాల్లో రెండవ దశ ఇటువంటిదే.

మూడవ దశ: మొదటి దశలాగానే 1.5 కిలో ఓములు. అయితే దీనికి ముందు 470 కిలో ఓముల రెండు నిరోధాలతో సంకేతాన్ని సగం చేయాలి. సగం చేయడం వృథా కాదు. పైనున్న 470 కిలో ఓములు గ్రిడ్ ప్రవాహాన్ని అడ్డుకుంటుంది గనుక బ్లాకింగ్ చాలావరకు పోతుంది. మధ్య కండెన్సర్ కూడా 0.0047 మైక్రోఫారడే. ఈ దశలో రెండు పక్కలా కోత పడుతుంది, బేసి అనుస్వరాలు బలపడతాయి.

చివరి దశ: రేడియోలోని ఈఎల్84 వాల్వు ఒక్కటే, దాని సొంత అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరుతో. ఈ వాల్వు 250 వోల్టుల వద్ద 5.7 వాట్లు ఇస్తుందని తయారీదారులు రాస్తారు. అది 10 శాతం విరూపణ దగ్గర అని కూడా రాస్తారు. రేడియోలో వున్న నెగటివ్ ఫీడ్‌బ్యాక్ తీగ తీసేశాను. దీని గ్రిడ్‌కు ఏడెనిమిది వోల్టులు చాలు, మూడవ దశ నుంచి అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. కాబట్టి మధ్యలో మాస్టర్ వాల్యూమ్ తప్పనిసరి. రెండు వాల్వులను పుష్‌పుల్‌గా కలిపితే ఆ దశలో పుట్టిన సరి అనుస్వరాలు ఒకదానికొకటి రద్దయిపోతాయి. ఒక్క వాల్వే పెట్టడంలో పొదుపుతో బాటు ఇదొక లాభం.

స్పీకరు సంగతి మరిచిపోరాదు. గిటారు కోసం చేసిన 12 అంగుళాల స్పీకరు 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. ఆ లోపమే ఇక్కడ గుణం. చెవిని గీరే పై అనుస్వరాలను అది వడగడుతుంది. ఇదే వర్ధకాన్ని పాటలు వినే మంచి స్పీకరుకు తగిలిస్తే తేనెతుట్టె కదిపినట్లు వుంటుంది.

రెండు స్వరాలు కలిసి మోగితే

విరూపణ ఒక స్వరానికి అనుస్వరాలు చేరుస్తుంది. రెండు స్వరాలు కలిసి వస్తే వాటి మొత్తాలు, తేడాలు కూడా పుట్టిస్తుంది. షడ్జమం 110, పంచమం 165 అనుకోండి. తేడా 55, మొత్తం 275. అన్నీ 55కు గుణిజాలే. కనుక కొత్తగా పుట్టినవన్నీ పాతవాటితో కలిసిపోయి, క్రింద 55 హెర్ట్జ్ పునాది పడుతుంది. రాక్ గిటారువారు షడ్జమ పంచమాలనే జోడించి వాయించడానికి కారణం ఇదే. అదే 110తో గిటారు మెట్ల మీది గాంధారం, అంటే 138.6 వాయిస్తే తేడా 28.6. ఇది ఏ స్వరానికీ చుట్టం కాదు. నాదం బురద అవుతుంది. కాబట్టి ఎక్కువ విరూపణ కోరుకునేవాడు తన స్వరాలను తగ్గించుకోవాలి. ఈ మాట చెబితే నా మిత్రుడు నాలుగు వేళ్ళ కార్డులు మాని రెండు వేళ్ళతో వాయించాడు. అప్పుడు గర్జించింది.

ప్రాణానికి సంబంధించిన మాట

ఇది చదివి ఎవరైనా పాత రేడియో విప్పుతారేమోనని ఈ భాగం రాస్తున్నాను. స్విచ్ తీసేశాను గదా అని ఒక సాయంత్రం లోపల చెయ్యి పెట్టాను. ఫిల్టరు కండెన్సర్‌లో మిగిలిన 250 వోల్టులు నన్ను మంచం మీదికి విసిరాయి. చెయ్యి రెండురోజులు తిమ్మిరెక్కి వుంది. ఇంటికి వెళ్ళినప్పుడు చెబితే మా నాన్న తిట్టలేదు. "మోటారు స్టార్టరు మూత తీసేముందు నేనేం చేస్తానో చిన్నప్పటినుంచీ చూస్తున్నావు గదరా. ఫీజులు పీకి జేబులో వేసుకుంటా. ఆ తర్వాత కూడా టెస్టు లైటు పెట్టి చూస్తా. కరెంటు పోయిందనుకోవడం వేరు, పోవడం వేరు" అన్నాడు. మా వూళ్ళో బోరు మోటారు దగ్గర పోయినవాళ్ళు ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

కాబట్టి నియమాలు ఇవి. ప్లగ్ గోడనుంచి పూర్తిగా పీకాలి. ఫిల్టరు కండెన్సర్ కొసల మధ్య 220 కిలో ఓముల, 1 వాట్ నిరోధం శాశ్వతంగా వుంచాలి. 50 మైక్రోఫారడ్లు అయితే ఒక నిమిషంలో దాదాపు ఖాళీ అవుతుంది. అయినా మీటరుతో కొలిచిన తర్వాతే ముట్టుకోవాలి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకొని పనిచేయాలి. ఛాసిస్‌కు ఎర్త్ తీగ తప్పనిసరి. స్పీకరు తగిలించకుండా వర్ధకాన్ని నడపరాదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మాడిపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం: మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు లేని పాత ఏసీ-డీసీ రేడియోలు కొన్ని వున్నాయి. వాటి ఛాసిస్ నేరుగా కరెంటు తీగకే కలిసి వుంటుంది. వాటిని గిటారుకు పనికిరావని పక్కన పెట్టేయాలి. గిటారు తీగలు ఛాసిస్‌కు కలిసివుంటాయి, వాయించేవాడి వేళ్ళు తీగల మీద వుంటాయి.

ముగింపు

మాస్టారి ప్రశ్నకు వద్దాం. తప్పు చేయడానికి చదువు ఎందుకు? నా మొదటి వర్ధకంలో విరూపణ కావలసినంత వుంది, అది ఎవరికీ అక్కరలేని విరూపణ. రెండవదానిలో వున్నది ఎంత, ఎటువైపు, ఏ దశలో, ఏ పౌనఃపున్యం నుంచి అని లెక్కవేసి పెట్టినది. శుద్ధమైన వర్ధకం ఎలా చేయాలో నేర్పిన ప్రతి నియమమూ దీనికి పనికివచ్చింది. బయాస్ ఎక్కడ పెడితే విరూపణ తక్కువో తెలియనివాడికి, ఎక్కడ పెడితే ఎక్కువో ఎలా తెలుస్తుంది? తెలియక జరిగితే దోషం, తెలిసి చేస్తే నిర్మాణం. ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు.

ప్రాజెక్టు చూపించిన రోజున మాస్టారు ఆసిలోస్కోపు తెరమీద ఒక పక్క నలిగిన తరంగాన్ని చాలాసేపు చూశారు. వాల్యూమ్ మీట తనే తిప్పి, "రెండవ దశ కాథోడ్ నిరోధం ఎంత పెట్టావు?" అని అడిగారు. చెప్పాను. కాగితం మీద లెక్క వేసుకొని తలవూపారు. ప్రయోగశాల తాళం చెవి సాయంత్రం ఆరుదాకా నా దగ్గరే వుంచినందుకు ఆయనకు, రెండు వారాలు చిటపటలు భరించిన హాస్టల్ మిత్రులకు, అటక మీది రేడియో అడగగానే ఇచ్చిన మా తాతగారికి కృతజ్ఞతలు. ఈ ఏడు వార్షికోత్సవంలో ఈ వర్ధకం వేదిక ఎక్కుతుంది. ఐదు వాట్లే గనుక ముందు వరసల్లో కూర్చోవలసిందిగా సోదర విద్యార్థులకు మనవి.